ఇంట్లోని విషాలు, ఒంట్లోని రోగనిరోధక శక్తి: ఎలా కనిపెట్టాలి, ఎలా తగ్గించాలి, డాక్టరుకు ఎలా చెప్పాలి?

ఒక చలికాలమంతా మా చిన్నవాడికి రాత్రి పదకొండు దాటగానే దగ్గు పట్టుకునేది. రెండు సిరప్పులు మార్చాం, ఒక యాంటీబయాటిక్ కోర్సు కూడా అయిపోయింది. మూడో డాక్టరు స్టెతస్కోపు పెట్టకముందే ఒక ప్రశ్న వేశారు: "పిల్లాడు పడుకునే గదిలో రాత్రిపూట ఏం వెలిగిస్తారు?" దోమల కాయిల్. కిటికీలు బిగించి, మంచం కిందే పెట్టేవాళ్లం. ఏ దోమా కుట్టకూడదన్న ప్రేమతో.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు "వీడికి ఇమ్యూనిటీ తక్కువండీ, ఏదైనా టానిక్ రాయండి" అంటాం. ఇమ్యూనిటీ ట్యాంకులో నీళ్లు కాదు, మోటారు వేసి నింపడానికి. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లనే కణాలు కాపలా ఉంటాయి. లోపలికి వచ్చిన సూక్ష్మజీవినీ అవే మింగుతాయి, పొగ నుసినీ అవే మింగుతాయి. రోజూ నుసితోనే కడుపు నిండితే సూక్ష్మజీవి వచ్చిన రోజు చురుగ్గా ఉండలేవు. ఇంకోవైపు అదే పొగ శ్వాసనాళాల్లో వాపు తెచ్చి ఎలర్జీనీ, ఆస్తమానీ రెచ్చగొడుతుంది. అంటే రక్షణ ఒకచోట చల్లబడుతుంది, మరోచోట అనవసరంగా చెలరేగుతుంది. కట్టెలు, పిడకల పొగ నిండే ఇళ్లలో పిల్లలకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలాంటి ఇంట్లో టానిక్ సీసా చేసేదేమీ ఉండదు. ముందు బరువు దించాలి.

మొదటి పని: ఒక కాగితం పట్టుకుని ఇల్లంతా తిరగండి

ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి పడుకునే ముందు. ఇంట్లో కాలేది, చల్లేది, రాలేది, ఘాటు వాసన వచ్చేది ఏదైనా రాయండి. కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి, బొద్దింకల స్ప్రే, ఫినాయిల్, బాత్రూమ్ యాసిడ్, పెచ్చులూడుతున్న పాత పెయింటు, గోడ మీద చెమ్మ పట్టిన చోట నల్లటి బూజు. పక్కనే రెండు ముక్కలు చేర్చండి: ఏ గదిలో, ఎంతసేపు. మా కాగితంలో పద్నాలుగు వచ్చాయి. వాటిలో ఆరు పడకగదిలోవే! ఈ కాగితాన్ని పారేయకండి, చివర్లో దీంతో పని ఉంది.

రెండో పని: పడకగదిలో పొగ ఆపండి

అన్నిటికంటే ముందు ఇది ఎందుకంటే, అక్కడ తలుపులు మూసి ఏడెనిమిది గంటలు అదే గాలి పీలుస్తాం. చైనా, మలేషియా కాయిళ్ల మీద 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క చూడండి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత. పీఎం 2.5 అంటే ఊపిరితిత్తుల అట్టడుగు దాకా వెళ్లగలిగేంత సన్నటి నుసి.

అలాగని దోమలను వదిలేయమని కాదు, డెంగీ చిన్న జబ్బు కాదు. పొద్దు వాలకముందే కిటికీలు మూయండి. జాలీలు కొట్టించండి, పాతవాటి చిరుగులకు అతుకు వేయండి. మంచానికి దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపండి. మా అమ్మమ్మ తరంలో ప్రతి ఇంట్లో ఉండేది ఇది, ఏసీలొచ్చాక అటకెక్కింది. కాయిల్ తప్పదనుకుంటే వరండాలో వెలిగించండి. ప్లగ్గుకు పెట్టే లిక్విడ్‌లో పొగ లేకపోయినా మందు ఉంటుంది, కాబట్టి పసిపిల్లల గదిలో రాత్రంతా వద్దు.

దేవుడి గదిలో అగరుబత్తి మానమని నేను చెప్పను, చెప్పినా మా ఇంట్లోనే ఎవరూ వినరు. కట్టకు బదులు ఒక్కటి చాలు. కిటికీ తీసి ఉంచండి, హారతి అయ్యాక తులసికోట దగ్గర గుచ్చేయండి.

సాంబ్రాణి సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. పసిబిడ్డకు నలుగుపెట్టి, నీళ్లు పోసి, బుట్ట బోర్లించి కింద నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఆ పొగలో తల ఆరబెడతాం. బాలింత గదిలో కుంపటి సరేసరి. నెలల బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా తయారవుతూ ఉంటాయి. పైగా మూసిన గదిలో బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. మెత్తటి నూలు గుడ్డతో తల తుడిస్తే సరిపోతుంది. నాయనమ్మలతో ఈ మాట మీరు చెప్పేకంటే టీకాలకు వెళ్లినప్పుడు డాక్టరుతో చెప్పిస్తే తేలిక. అనుభవంతో చెబుతున్నా.

వంటింట్లో పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యిలో ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఎప్పుడూ వేయకండి. బాత్రూమ్ యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

మూడో పని: పళ్లెంలోకి వచ్చేవి

కూరగాయల్ని ముందు పారే నీటి కింద చేత్తో రుద్ది కడగండి. తొక్కతో తినే పళ్లయితే లీటరు నీళ్లలో రెండు చిన్న చెంచాలు, అంటే 10 గ్రాముల వంటసోడా కలిపి, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. యాపిల్ పళ్ల మీద చేసిన ప్రయోగంలో పైనున్న రెండు రకాల పురుగుమందుల్ని ఇది బాగా వదిలించింది. తొక్కలోకి ఇంకిపోయింది మాత్రం పోదు. సబ్బుతో కడగకండి.

మామిడి కాలంలో పైకి బంగారంలా పసుపుగా ఉండి, ముచ్చిక దగ్గర వాసనే లేని కాయను అనుమానించండి. కాల్షియం కార్బైడ్ అనే రసాయనంతో మాగబెట్టడం మన దేశంలో నిషేధం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. కచ్చితంగా చెప్పే పరీక్ష ఇంట్లో లేదు కాబట్టి పచ్చికాయ తెచ్చి గడ్డిలో మాగేసుకోవడమే మేలు.

పసుపు దగ్గర కాస్త ఆగాలి. రంగు రావడానికి లెడ్ క్రోమేట్ పూసే కల్తీ ఒకటుంది, అందులో ఉండేది సీసమనే (లెడ్) విషపు లోహం. కొమ్ములు కొని మర పట్టిస్తే చాలనుకుంటాం గానీ ఆ పూత కొమ్ముల మీదా ఉండొచ్చు. గాజు గ్లాసు నీళ్లలో కొమ్ము వేయండి. వేసిన వెంటనే నీళ్లకు రంగు దిగితే ఆ కొమ్ములు వాడకండి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇళ్లలో చేసుకొమ్మన్న పరీక్షే ఇది.

సీసం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, దానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. మింగిన సీసంలో పెద్దవాళ్లకు పదో వంతు ఒంటబడితే పిల్లలకు సగం దాకా పడుతుంది. కడుపు ఖాళీగా ఉన్నా, ఇనుము, కాల్షియం తక్కువైనా ఇంకా ఎక్కువ. కాబట్టి పొద్దున్నే పిల్లలకు ఏదో ఒకటి పెట్టండి. రాగులు, పాలు, ఆకుకూరలు ఇక్కడ నిజంగానే మందు. తినేముందు చేతులు కడిగించండి. దుమ్మును పొడి చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకించకండి. గర్భిణులు, పిల్లలు ఉన్నప్పుడు అసలే వద్దు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇక్కడి నుంచి సూట్‌కేసులో వెళ్లే అల్యూమినియం గిన్నెల మీద సియాటిల్ ఉండే కింగ్ కౌంటీ ఆరోగ్య విభాగం పరీక్షలు చేసింది. కొన్నింటి నుంచి సీసం ఊరుతోందని తేలింది. చింతపులుసు లాంటి పులుపు కాచడానికి స్టీలు గిన్నెలే వాడండి.

నాలుగో పని: పని బట్టలు గుమ్మం బయటే

పత్తి చేలో పురుగుమందు కొట్టేవాళ్లు, బ్యాటరీ షాపులో, పెయింటింగ్‌లో పనిచేసేవాళ్లు ఆ బట్టలతోనే వచ్చి పిల్లల్ని ఎత్తుకోకండి. స్నానం చేశాకే. ఆ బట్టలు విడిగా ఉతకండి. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచడం ప్రాణాంతకం.

పురుగుమందు కొట్టొచ్చిన మనిషికి విపరీతమైన చెమట, నోటి నుంచి చొంగ, కంటిపాప చిన్నదైపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. చేతులకు తొడుగు వేసుకుని బట్టలు తీసేయండి, సబ్బునీళ్లతో ఒళ్లు కడగండి, వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. ఏ విషమో తెలిస్తేనే సరైన విరుగుడు త్వరగా పడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117లో ఏ వేళలోనైనా పలుకుతుంది.

అయిదో పని: ఆ కాగితం డాక్టరు చేతికి

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రికి చేరారు. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత పురుగుమందుల మీదికి అనుమానం మళ్లింది. అంత పెద్ద నిపుణులు కూడా రోగుల దగ్గర కూర్చుని, ఏ నీళ్లు తాగారు, ఏ కూరగాయలు తిన్నారు అని అడగాల్సి వచ్చింది. ఓపీలో మనకు దొరికేది అయిదు నిమిషాలు. అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలి.

మొదటి పనిలో రాసిన కాగితం కింద ఇవి చేర్చండి. జబ్బు ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఇంట్లో ఏం మారింది? ఏ వేళలో ఎక్కువ? ఊరెళితే తగ్గుతోందా, సెలవు రోజు తగ్గుతోందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఎవరెవరు ఏం పని చేస్తారు? తాగేది బోరు నీళ్లా, క్యానా? కాటుక, నాటు మందు, భస్మాలు ఏవైనా వాడుతున్నారా? నాగభస్మంలో 'నాగ' అంటే సీసమే. తిడతారని దాచకండి, సీసా పట్టుకెళ్లి చూపించండి. కీమో, స్టెరాయిడ్లు నడుస్తున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లు, అంటే మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, గోడ బూజు, ఇంటి మరమ్మతుల దుమ్ము గురించి తప్పక చెప్పాలి. ఆరోగ్యవంతుడికి తుమ్ము తెచ్చే బూజు వాళ్లకు ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ తేగలదు.

పరీక్షల విషయంలో తొందరొద్దు. సీసం అనుమానమైతే చేయి నరం నుంచి తీసిన రక్తానికే పరీక్ష. డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తానికి 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే మూలం వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం. వెంట్రుకలు పంపితే ఒంట్లో విషాల జాబితా ఇస్తామనే ప్యాకేజీలకూ, 'డీటాక్స్' సెలైన్లకూ డబ్బు పోయకండి. ఇల్లు శుభ్రమైంది కదా అని ఇన్‌హేలర్ మీ అంతట మీరు ఆపకండి, టీకాలు వాయిదా వేయకండి.

మా వాడి దగ్గు కాయిల్ తీసేసిన రెండు వారాలకు సగమైంది. మిగతా సగానికి ఇన్‌హేలర్ కావలసి వచ్చింది. ఆ పద్నాలుగు వరుసల కాగితం ఇప్పటికీ వాడి ఫైల్లో ఉంది, రిపోర్టుల వెనక కాదు, అన్నిటికంటే పైన.