మార్కులు తక్కువొచ్చినయా? నీట్ కౌన్సెలింగ్‌ల దిగే ముందు ఇవి చూసుకోండి

ముందుగాల మార్కుల సంగతి పక్కకు పెట్టి ర్యాంకు చూడండి. "720కి 340, ఇగ అయిపాయె" అని ఇంటిల్లిపాది మొఖాలు ఏలాడేసుకొని కూసుంటే ఏం తెల్వదు. 2024ల జనరల్ వాళ్లకు క్వాలిఫై మార్కు 162. తెల్లారి ఏడు ఫిజిక్స్ పేపరు ముంచేసరికి అదే 144కు దిగింది. 2024ల 720కి 720 వచ్చినోళ్లున్నరు, 2025ల దేశం మొత్తంల ఫస్టొచ్చిన పిల్లగానికే 686. అంటే ఒక ఏటి 340, ఇంకో ఏటి 340 ఒక్కటి గాదు. రెండేండ్ల కింద మీ అక్క కొడుక్కు ఇన్నే మార్కులకు సీటు రాలేదని మీకూ రాదనుకోవద్దు. వచ్చింది కాబట్టి మీకూ వస్తదని ధీమాగ ఉండొద్దు.

నాది హన్మకొండ నయీంనగర్‌ల నెట్ సెంటర్. చుట్టూ కాలేజీలు, హాస్టళ్లు. సీజన్ వచ్చిందంటే మా జిరాక్స్ మిషన్ సల్లారదు. మన రాష్ట్రం మెడికల్ సీట్ల కౌన్సెలింగ్ చేసే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లనే ఉన్నది గద, పోయి అడుగుతే ఏదన్న దారి చూపిస్తరని మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. అప్లికేషన్ కాన్నుంచి సీటు అలాట్‌మెంట్ దాక అంతా ఆన్‌లైన్‌లనే. ఆడికి పోతే బిల్డింగు చూసి రావుడే.

నీట్ రిజల్టు కార్డు మీదుండేది ఆలిండియా ర్యాంకు. రెండు లక్షలు, మూడు లక్షలు అని కనబడంగనే గుండె గుభేలుమంటది. కన్వీనర్ సీట్లకు, అంటే మెరిట్ మీద యూనివర్సిటీ నింపే సీట్లకు, పనికొచ్చేది యూనివర్సిటీ తర్వాత పెట్టే మన రాష్ట్రం మెరిట్ లిస్టు. అండ్ల మీ కేటగిరీ వాళ్లను వేరే గీసుకొని మీరు ఎన్నో స్థానంల ఉన్నరో చూసుకోండి. అప్పుడు గాని అసలు లెక్క తేలదు. ఇంటర్ మార్కులు తక్కువని కొందరు ఇంకో ఫికర్ పెట్టుకుంటరు. నీట్ ర్యాంకుకు ఇంటర్ వెయిటేజీ లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి ఓసీలకు 50 శాతం, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 40 శాతం ఉంటే సాలు. అవి గూడ లేకుంటే సప్లిమెంటరీల ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవాలె, వేరే మార్గం లేదు.

ర్యాంకు మంచిగొచ్చినోళ్లు సర్టిఫికెట్ల కాడ ఒక చిన్న తప్పు చేసినా ఎట్లనో గట్టెక్కుతరు. మీకు ఆ వెసులుబాటు లేదు. అందుకే రిజల్టు కోసం ఎదురుచూడకుండ పరీక్ష రాసిన వారంల మొదలువెట్టాలె.

పెద్దది లోకల్ సంగతి, అంటే తెలంగాణ పిల్లల కోటా కింద లెక్కకొస్తరా రారా అన్నది. 2024ల వచ్చిన జీవో 33 ప్రకారం 9వ తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాక వరుసగ 4 ఏండ్లు తెలంగాణలనే చదివి, ఇంటర్ ఈడనే పాసై ఉండాలె. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు గూడ దాన్నే ఖాయం చేసింది. తాతల కాలం నుంచి వరంగల్‌లనే ఉన్నం, ఆధార్ ఈడిదే, రేషన్ కార్డు ఈడిదే అంటే నడువది. పిల్లలు ఏడ చదివిండ్రన్నదే లెక్క. ఇంటర్‌కు విజయవాడకో రాజస్థాన్‌ల ఉన్న కోటా పట్నానికో తోలినోళ్లకు ఈ దెబ్బ తగుల్తది. ఇంటర్ ఈడ పూర్తి చేసి మల్లోసారి నీట్ రాసేటందుకు లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు మాత్రం ఆడికి పోయినోళ్లకు ఫరక్ పడదు. సర్కారు కొలువుల మీద బయట రాష్ట్రంల ఉన్నోళ్ల పిల్లలకు కొన్ని మినహాయింపులున్నయి, అవి నోటిఫికేషన్‌ల సదువుకోండి.

ఇగ స్టడీ సర్టిఫికెట్లు. చదివిన ప్రైవేటు బడి మూతపడ్డదనుకోండి, మండల విద్యాధికారి ఆఫీసుకు పోవాలె. ఒక్క పూటల అయ్యే పని గాదు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మీసేవల పెట్టుకుంటరు, అందరికీ ఎర్కే. గానీ ఆలిండియా కోటాకు ఓబీసీ కింద పోవాలంటే మన రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ సాలదు. సెంట్రల్ ఫార్మాట్‌ల నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ వేరే తీస్కోవాలె. మన బీసీ లిస్టుల ఉన్న కులాలన్నీ సెంట్రల్ లిస్టుల ఉండయి, ముందు అది చూసుకోండి. ఎస్సీలకు 2025 నుంచి వర్గీకరణ అమలైంది, 1, 2, 3 గ్రూపులల్ల మీరు ఏ గ్రూపో సర్టిఫికెట్ మీద ఉండాలె. ఓసీల పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ పోయినేటిది పనిచెయ్యది.

నాకు ఎక్కువ పని పెట్టేది పేర్లు. టెన్త్ మెమోల తండ్రి పేరు 'సమ్మయ్య' ఇంగ్లీషుల చివర 'హెచ్'తోని ఉంటది, కులం సర్టిఫికెట్ల ఆ 'హెచ్' ఉండదు, ఆధార్‌ల ఇంటిపేరు తోక లెక్క ఎనుక ఏలాడుతది. టెన్త్ మెమోను అసలుగ పట్టుకొని మిగిలినయన్నీ దానికి సరిచేయించండి. స్కానింగ్ గూడ గట్లనే. ఫోన్‌తోని ఫొటో కొడితే చెయ్యి నీడ సగం కాయితం మీద పడి సర్టిఫికెట్ నంబరు కనబడది, అటెన్క వెరిఫికేషన్‌ల సరిగ లేదని ఎనుకకు కొడ్తరు. ఇరవై రూపాయలైనా సరే, స్కానర్ మీద చేయించండి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ముందు, ఏది ఎనుక అని ఆన్‌లైన్‌ల పెట్టే లిస్టు కాడికి వద్దాం. తక్కువ ర్యాంకోళ్ల నసీబు ఈడనే తేలుతది.

చానామందికి ఉండే భయం ఇది: పైన పెద్ద కాలేజీ పెడితే కింద రావాల్సిన సీటు గూడ పోతదేమో అని. పోదు. కంప్యూటర్ మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ మొదటి ఆప్షన్ చూస్తది. ఆడ మీకు వచ్చే సీటు లేకుంటే రెండోది, అదీ లేకుంటే మూడోది, అట్ల కిందిదాక పోతది. ఉస్మానియా, గాంధీ, కాకతీయ మీకు వచ్చే ముచ్చట లేదని మీకే తెలుసు. పెట్టినా నష్టం లేదు, పెట్టకున్నా నష్టం లేదు. నష్టం ఏడుందంటే, అయి నాలుగు పెట్టి కింద ఆపేసిన కాడ ఉన్నది.

మన దిక్కు ఇప్పుడు సర్కారు కాలేజీలకు కొదువ లేదు. ఒకప్పుడు కాకతీయ, రిమ్స్ ఆదిలాబాద్, నిజామాబాద్ అంతే. 2022ల మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండం వచ్చినయి. 2023ల భూపాలపల్లి, జనగామ, కరీంనగర్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్, ఆసిఫాబాద్. 2024ల ములుగు, నర్సంపేట. దక్షిణం దిక్కుయి వేరే ఉన్నయి. ఏడాదికి ఫీజు 10 వేలు. ఏడ చదివినా పట్టా మీద యూనివర్సిటీ పేరు కాళోజీదే. కొత్త కాలేజీలల్ల పేషెంట్లు తక్కువ, ప్రొఫెసర్లు తక్కువ అని చెప్పేటోళ్లున్నరు. కొన్ని కాడ అది నిజమే. కానీ సీటు వచ్చినోడు గద ఆ ముచ్చట మాట్లాడాల్సింది.

పరకాల దిక్కు నుంచి ఒకాయన బిడ్డను తీసుకొని వచ్చిండు. కాయితం మీద అయిదే కాలేజీలు రాసుకొచ్చిండు, అన్నీ బస్సుల పోయి సాయంత్రం ఇంటికొచ్చే దూరమే.

"ఇంకేమన్న రాద్దామా అన్నా? మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్?" అని అడిగిన.

"ఆడపిల్లను ఆసిఫాబాద్ తోలి నేను ఈడ ఎట్ల ఉండాలె చెల్లె?"

ఆ పొల్ల అప్పటిదాక ఒక్క మాట మాట్లాడలే. "బాపూ, ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్‌కు హైదరాబాద్ హాస్టల్ల ఉంచుతా అన్నవు గద. ఆ హాస్టలేదో ఆసిఫాబాద్‌ల ఉంట" అన్నది. ఆయన బయటికి పోయి చాయ్ తాగొచ్చి, "రాయమ్మా, అన్నీ రాయి" అన్నడు.

నేను గూడ ఈడ ఒక్కటి గట్టిగ చెప్త. అలాట్ అయిన సీటుల జాయిన్ కాకుంటే తర్వాతి రౌండ్లకు మిమ్ముల రానియ్యరు. కాబట్టి అన్నీ పెట్టుమంటే పోయేటియి అన్నీ పెట్టుమని అర్థం. ఆసిఫాబాద్ పంపుతరా పంపరా అన్న కొట్లాట ఇంట్ల ముందే కొట్లాడుకొని రండి, సీటొచ్చినంక గాదు.

ఏది ముందు ఏది ఎనుక అన్నది ఎట్ల తేల్చుకోవాలె? యూనివర్సిటీ వెబ్‌సైట్ల పోయినేటి అలాట్‌మెంట్ లిస్టులు కాలేజీల వారీగ ఉంటయి. ఫస్ట్ ఫేజ్‌ది తెరిచి సూసి "మనకు రాదు" అని మూసేస్తరు. ఆఖరి ఫేజ్‌ది తెరువాలె. ఒక్కో కాలేజీ కింద మీ కేటగిరీల, ఆడపిల్లలైతే ఆడపిల్లల కోటాల, అందరికన్న ఎనుక ర్యాంకు ఎవరిదో వేలు పెట్టి చూడండి. ఫస్ట్ ఫేజ్‌కు, ఆఖరి ఫేజ్‌కు వేల ర్యాంకుల తేడా ఉంటది. ఎందుకంటే పైనోళ్లు ఆలిండియా కోటాలకు, ఎయిమ్స్‌లకు పోతరు, కిందోళ్లు జరిగి పైకొస్తరు, ఖాళీలు కిందికి దిగుతయి.

రెండో ఫేజ్‌ల జాగ్రత్త. ఉన్న సీటు కన్న మంచివే పెట్టాలె. కొత్త సీటు వచ్చిందంటే పాతది ఆగదు, అదే నిమిషంల ఇంకొకరికి పోతది. "ఊకె పెట్టి చూసినం అక్కా" అని నెత్తి పట్టుకున్నోళ్లను చూసిన. ఆప్షన్లు ముందు కాయితం మీద రాసుకొని, ఎక్కించి, సేవ్ చేసి, ప్రింట్ తీసి, కాయితంతోని ఒక్కొక్కటి కలిపి చూసుకోండి. ఆఖరి రోజు రాత్రికి పెట్టుకోవద్దు.

ప్రైవేటుల కన్వీనర్ సీటు, అంటే ఏ కేటగిరీ, ఏడాదికి 60 వేలు. అది మెరిట్ మీదనే, సర్కారు సీట్లతోని పాటే ఆప్షన్లు పెట్టుకుంటరు. బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీటు, 11 లక్షల పైమాటే. దానికి వేరే నోటిఫికేషన్, వేరే అప్లికేషన్. కులం రిజర్వేషన్ ఉండదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కోర్సు మొత్తానికి గుణించుకొని, మెస్సు, పుస్తకాలు కలుపుకొని, ఉన్న ఎకరం అమ్ముతే ఎంతొస్తదో పక్కన రాసుకొని చూడండి. అది గూడ ర్యాంకు మీదనే, ఆన్‌లైన్‌లనే. ఈ సీజన్ల ఫోన్ చేసి "యాభై వేలు అడ్వాన్స్ కట్టుండ్రి, బీ సీటు బ్లాక్ చేస్తం" అనేటోళ్లు దిగుతరు. మా గల్లీల ఒక కుటుంబం ఇట్లనే కట్టింది, ఆ నంబరు తర్వాత కలువలే. సీటు బ్లాక్ చేసే బటన్ ఏ కన్సల్టెన్సీ చేతుల లేదు.

ఆలిండియా 15 శాతం కోటా, డీమ్డ్ యూనివర్సిటీలు ఢిల్లీల ఉన్న మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) చూస్తది. తక్కువ ర్యాంకుకు సర్కారు సీటు ఆడ అందుడు కష్టమే. డీమ్డ్‌కు డిపాజిట్టే రెండు లక్షలు, ఫీజులు చూస్తే బీ కేటగిరీనే నయం అనిపిస్తది.

ఎంబీబీఎస్ కాకుంటే ఏంది? పండ్ల డాక్టరు చదువు బీడీఎస్ ఇదే నీట్‌తోని. ఆయుర్వేదం, హోమియో గూడ నీట్ క్వాలిఫై అయితేనే, కానీ నోటిఫికేషన్ వేరే వస్తది, కనిపెట్టుకొని ఉండాలె. అనంతలక్ష్మి ఆయుర్వేద కాలేజీ మన వరంగల్‌లనే ఉన్నది. నన్నడుగుతే మాత్రం చానామంది మరిచిపోయేది పశువుల డాక్టరు కోర్సు. మామునూరుల, కోరుట్లల కాలేజీలున్నయి. దాంట్ల మన రాష్ట్రం కోటా సీట్లకు నీట్ గాదు, ఎప్‌సెట్ ర్యాంకు. ఎప్‌సెట్ రాయకుండ "మాది నీట్ ఒక్కటే" అని కూసున్నోళ్లకు ఈ తలుపు ముందే మూసుకుంటది. అగ్రికల్చర్ బీఎస్సీ గూడ అండ్లనే.

విదేశం గురించి పొట్టిగ చెప్త. నీట్ క్వాలిఫై కాకుండ పోతే వచ్చినంక ఈడ ప్రాక్టీసుకు పనికిరాదు. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఆ దేశంల ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్, చదువు ఇంగ్లీషు మీడియంల ఉండాలె. వచ్చినంక విదేశంల చదివినోళ్లకు పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్ష పాస్ కావాలె, రాసినోళ్లల్ల పాసయ్యేది సగానికి చాన తక్కువ. ఏజెంటు ఫ్లెక్సీ మీద ఇది రాయడు.

లాంగ్‌టర్మ్‌కు పోవాల్నా వద్దా అన్నది నన్ను ఎక్కువ అడుగుతరు. నేను లెక్చరర్‌ను గాదు, కానీ ఓఎంఆర్ జవాబుల కాయితాన్ని కీతోని కలిపేది నేనే కాబట్టి ఒకటి చూసిన. తప్పు రాసిన ప్రశ్నలెన్ని, ఇడిసిపెట్టినయెన్ని విడిగ లెక్క తియ్యండి. ఒప్పుకు 4, తప్పుకు 1 పోతది. నలభై ప్రశ్నలు ఊహించి రాసి తప్పు చేసినోనికి ఇంకో ఏడాదిల మార్కులు పెంచుకునే జాగ ఉన్నది. బయాలజీ 360ల సగం గూడ దాటక, రెండోసారి గూడ ఆడనే ఆగినోనికి నేనైతే మూడో లాంగ్‌టర్మ్ చెప్పను. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలని లేదు, వయసు పరిమితి గూడ లేదు, అందుకే ఆపుడు మీ చేతులనే ఉన్నది. పిల్లగాన్ని అడగండి, కోచింగ్ సెంటరోళ్లను గాదు.

అప్లికేషన్ల ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మీయే పెట్టుకోండి. నెట్ సెంటర్ నంబరు పెడితే ఓటీపీ మాకొస్తది, మేం రాత్రి సెంటర్ మూసి ఇంటికి పోయినంక మెసేజ్ వస్తే మీకు చెప్పేటోళ్లుండరు. పాస్‌వర్డ్ ఒక నోటుబుక్కు ఎనుక అట్ట మీద రాసి, ఆ బుక్కు ఎవరి దగ్గర ఉంటదో ఇంట్ల అందరికీ చెప్పండి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఒక ఫైల్ల, జిరాక్స్‌లు మూడు సెట్లు ఇంకో ఫైల్ల, పాస్‌పోర్ట్ ఫొటోలు పది. స్ట్రే వేకెన్సీ రౌండ్, అంటే మిగిలిపోయిన సీట్లు నింపే ఆఖరి రౌండ్, అయిపోయే దాక ఆ ఫైల్ బీరువల పెట్టొద్దు.