నిన్నటివాళ్లు చూసిన రేపు: బడి మైదానంలో కట్టుకునే పద్ధతి

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 జూలై 17న డిస్నీల్యాండ్ అనే వినోద పార్కు మొదలైంది. అందులోని టుమారోల్యాండ్ అనే భాగాన్ని, అప్పటికి ముప్పై ఏళ్ల అవతల ఉన్న 1986 ఎలా ఉండబోతుందో జనానికి చూపించడానికి కట్టారు. అదే ఏడాది డిసెంబర్ 10న మన నందికొండ దగ్గర కృష్ణానది మీద నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 జూలైలో టుమారోల్యాండ్‌ను చాలావరకు తిరగగట్టి మళ్లీ తెరిచారు. ఆ మరుసటి నెల, ఆగస్టు 4న, ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా వాటిని చూడడానికి వెళ్లిన జనం కళ్లలోని నమ్మకం మాత్రం ఒక్కటే. ఆ పార్కు పాత ఫొటోలు చూసినప్పుడు ఈనాటికీ మనసు కరిగేది రాకెట్ బొమ్మను చూసి కాదు, ఆ నమ్మకాన్ని చూసే అని నేను గట్టిగా అనుకుంటాను.

దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, బడి స్వర్ణోత్సవం కోసం పూర్వ విద్యార్థులతో కలిసి అలాంటి రేపటి లోకాన్ని ఒకదాన్ని మైదానంలో కట్టించాను. ఇరవై మంది మనుషులూ పది రోజుల సమయమూ ఉంటే ఏ బడి అయినా, ఏ యువజన సంఘమైనా దీన్ని కట్టుకోవచ్చు. వానాకాలం మాత్రం వద్దు. సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి.

అన్నిటికన్నా ముందు, ఏ సంవత్సరంలో నిలబడి చూసిన రేపును కడుతున్నారో తేల్చుకోవాలి. 1955 నాటి రేపుకు సూదిమొన రాకెట్లు, వాటికి చేప రెక్కల వంటి తోకలు ఉంటాయి. టుమారోల్యాండ్‌లోని మూన్‌లైనర్ రాకెట్ 76 అడుగుల ఎత్తున తెల్లగా, ఎర్ర చారలతో నిలబడి ఉండేది. 1957లో దాని దగ్గరలోనే పెట్టిన మాన్‌శాంటో కంపెనీ భవిష్యత్తు ఇంటిని ప్లాస్టిక్‌తో చేశారు. నడిమి దిమ్మె నుంచి నాలుగు గదులు నాలుగు రెక్కల్లా గాలిలోకి చాచుకుని ఉండేవి. 1967కు వచ్చేసరికి తెలుపు పెరిగింది, గీతలు నునుపెక్కాయి, పీపుల్‌మూవర్ అనే చిన్న బండ్ల వరుస తలల మీదుగా ఆగకుండా నెమ్మదిగా సాగేది. 1982లో ఫ్లోరిడాలో తెరుచుకున్న డిస్నీ పార్కు ఎప్కాట్‌కు ముక్కోణపు పలకలతో కూర్చిన వెండిరంగు గోళం ముఖచిత్రమైంది. 1992లో పారిస్ డిస్నీ పార్కు వాళ్లు ఇంకా వెనక్కి, పందొమ్మిదో శతాబ్దపు ఊహల దాకా వెళ్లి, ఇత్తడినీ గుండ్రటి ఓడ కిటికీలనూ తెచ్చారు. వీటిని కలగలిపితే పెళ్లి మండపపు సెట్టింగ్‌లా ఉంటుందే తప్ప ఏ కాలమూ కనిపించదు. మన ప్రాంతానికి 1967 నుంచి 1975 దాకా ఉన్న కాలం బాగా నప్పుతుంది, ఎందుకంటే అది సాగర్ నీళ్లు పారిన కాలం, మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట ఎగిరిన కాలం.

తర్వాతి పని పెద్దలను అడగడం. బొమ్మలు గీయడానికి ముందే పిల్లలను నోటుపుస్తకాలతో ఇంటింటికీ పంపి, ‘రెండువేల సంవత్సరం వస్తే ఎట్లుంటదనుకున్నరు?’ అని అడిగించండి. ఎగిరే కార్ల సమాధానాలు వస్తాయని నేను ఎదురుచూశాను. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగిపోయిన ఒక అవ్వ మాత్రం, ‘ఇంట్ల నల్లా తిప్పితే కిష్ణ నీళ్లొస్తయనుకున్నం బిడ్డా’ అన్నది. ఆ రోజుతో మా రేపటి గది నమూనా మారిపోయింది. గది నడుమ తెల్లని దిమ్మె కట్టి, దాని మీద రాకెట్‌కు బదులు మెరిసే స్టీలు నల్లా ఒక్కటే పెట్టాం. పక్కనే రెండు బకెట్లు, పటిక, సున్నం ఉంచి, వాటితో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని పిల్లల చేత చెప్పించాం. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఆ విధానాన్ని బయటి దేశాలవాళ్లు కూడా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పిలుస్తారు. ఇంతకన్నా సొంతమైన భవిష్యత్ వస్తువు మన జిల్లాకు మరొకటి లేదు. మీ ఊరు పాలమూరు వైపుదైతే, దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టి వచ్చినవాళ్లు ప్రతి వాడలోనూ ఉంటారు. వాళ్ల తట్టలు, పారలు అడిగి తెచ్చి మొదటి గదిలో పెట్టండి.

ఇక కట్టడం. లోపలికి వెళ్లే దారి పక్కన 52 అడుగుల పొడవున తడకలు నిలిపి, వాటి మీద రెండేసి అడుగులకు ఒకటి చొప్పున అట్టతో 26 తూములు కత్తిరించి అతికించండి. సాగర్ డ్యామ్‌కు ఉన్న క్రస్ట్ గేట్లు సరిగ్గా అన్నే. ప్రతి తూము నుంచి నీలం జార్జెట్ గుడ్డ వేలాడదీస్తే గాలికి నీళ్లు దూకినట్టే ఉంటుంది.

దారి చివర ఆర్యభట్ట ఉండాలి. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆ ఉపగ్రహానికి కూడా 26 ముఖాలే. పాత రెండు రూపాయల నోటు వెనుక దాని బొమ్మ ఉండేది. ఊళ్లో ఎవరో ఒకరి పెట్టెలో ఆ నోటు తప్పక దొరుకుతుంది. దళసరి అట్టతో ఒక్కో అంచు ఒక అడుగు ఉండేలా 18 చదరాలు, 8 సమబాహు త్రిభుజాలు కత్తిరించండి. ఎనిమిది చదరాలను పక్కపక్కన అతికించి వలయంగా మూస్తే నడుము తయారవుతుంది. దాని పై అంచున ఒక చదరం, ఒక త్రిభుజం, మళ్లీ ఒక చదరం, ఒక త్రిభుజం చొప్పున నాలుగు నాలుగు అతికించుకుంటూ పోతే అవి లోపలికి వంగి, పైన సరిగ్గా ఒక చదరం పట్టేంత ఖాళీ మిగులుతుంది. దాన్ని మూసి, కింది వైపు కూడా అలాగే చేయాలి. రెండున్నర అడుగులకు కాస్త తక్కువ ఎత్తున్న గోళం వంటి ఆకారం వస్తుంది. ముఖాలకు ముదురు నీలం వేసి, అంచుల వెంట సన్నటి వెండిరంగు గీత గీయండి. పాత సైకిల్ చక్రాన్ని ఇరుసుతో సహా ఒక గుంజ మీద పడుకోబెట్టి బిగించి, దాని మీద ఈ ఉపగ్రహాన్ని కూర్చోబెడితే చిన్న పిల్లవాడు కూడా ఒక వేలితో తిప్పగలడు. లెక్కల ఉపాధ్యాయుణ్ని ఈ పనికి తప్పక పిలవండి. మా బడిలో ఆయన ఆ సాయంత్రం ఇంటికి పోనే లేదు.

యాంటెన్నా ఇంకా తేలిక. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ అనే ప్రయోగంలో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ అందింది. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. అక్కడ నిలబెట్టిన పదడుగుల గొడుగులు కోళ్ల జాలితో చేసినవే. కనుక వెదురు బద్దలను వంచి గొడుగు చట్రం కట్టి, కోళ్ల జాలి పరిచి, బైండింగ్ వైరుతో బిగిస్తే మీరు చేసేది నకలు కాదు, దాదాపు అసలే.

రాకెట్ కూడా కావాలని పిల్లలు పట్టుబడతారు. పన్నెండు అడుగులు చాలు. వెదురు వలయాల చుట్టూ అదే జాలి చుట్టి, మైదా జిగురుతో పాత వార్తాపత్రికలు నాలుగు పొరలు అతికించి, ఒక్కో పొరను ఒక పూట ఎండనివ్వండి. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం కనుక ఆ పని పెద్దలే చేయాలి. మొన ఒక్కటి థర్మోకోల్‌తో చెక్కవచ్చు, కానీ దాని మీద స్ప్రే పెయింట్ కొట్టకూడదు. మేము తెలియక కొట్టాం. సన్నటి చిటపట శబ్దం వచ్చింది, చూస్తుండగానే మొన అంతా అమ్మవారు పోసినట్టు గుంటలు పడి లోపలికి కుంగిపోయింది. ఆ రంగులోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. నీళ్లతో కలిపే డిస్టెంపర్‌కు ఆ బాధ లేదు.

రంగుల విషయంలో ఎవరి మాటా వినకుండా తెలుపునే పట్టుకోండి. 1998లో కాలిఫోర్నియా టుమారోల్యాండ్‌కు ఇత్తడి, రాగి, బంగారు ఛాయలు పూశారు. తెల్లగా వెలిగిన స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ భవనం గోధుమరంగు కొండ అయింది. అభిమానులకు ఆ రంగు మనసుకు పట్టలేదు, కొన్నేళ్లకే మళ్లీ తెల్లరంగు వేశారు. నూటికి డెబ్బై పాళ్లు తెలుపు, ఆకాశనీలం కొంత, నారింజ ఒకటి రెండు చోట్ల ఉంటే చాలు. గులాబీ, ఊదా రంగుల ఎల్‌ఈడీ పట్టీలు వేరే కాలానివి, వాటిని తేవద్దు; పసుపు కాంతినిచ్చే బల్బులు తూముల వెనుక పెట్టండి. వైరింగ్ పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

గదులను వలయంగా వేయండి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం డిస్నీ చేసిన తిరిగే నాటకశాల, కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లో నడుమ వేదిక కదలకుండా ఉంటే, చుట్టూ జనం కూర్చున్న కుర్చీలే తిరిగేవి. ఒకే ఇల్లు తరాలు మారేకొద్దీ ఎలా మారిందో వరుసగా కనిపించేది. మనం కుర్చీలు తిప్పలేం, మనుషులను నడిపించగలం. టెంట్ హౌస్ పరదాలతో నాలుగు గదులు చేసి, తట్ట పార గది, కిరోసిన్ దీపం గది, రేడియో గది దాటి నల్లా గదికి తీసుకెళ్లండి. వ్యాఖ్యానం మొత్తం భవిష్యత్ కాలంలోనే రాయాలి: ‘ఈ ఊరికి నీరు వస్తుంది, ఈ ఇంటికి దీపం వస్తుంది’ అని, ఆకాశవాణి వార్తలు చదివినంత నిదానంగా చదివించాలి. అది రాలేదనీ, ఆలస్యమైందనీ వ్యాఖ్యానంలో చెప్పవద్దు. చూసేవాళ్లకు తెలుసు. మా దగ్గర నల్లా గదిలో ఆ అవ్వ చాలాసేపు నిలబడి, నల్లాను ఒకసారి తిప్పి, మళ్లీ తానే కట్టేసింది.

ప్రదర్శన ముగిశాక తొందరపడి పీకేయవద్దు. మాన్‌శాంటో ఇంటిని 1967లో కూల్చబోతే ఇనుప గుండు దాని గోడకు తగిలి వెనక్కి ఎగిరిందట. చివరికి ముక్కలుగా విప్పడానికి రెండు వారాలు పట్టింది. మన పని ఒక పూటదే. బైండింగ్ వైరును కత్తిరించకుండా ముడులు విప్పితే కోళ్ల జాలిని చాపలా చుట్టి పెట్టుకోవచ్చు, వెదురు గడలు పై ఏటికి పనికొస్తాయి. ఉపగ్రహాన్ని మాత్రం విప్పకుండా, ఎలుకలు అందుకోని ఎత్తులో, సైన్స్ ల్యాబ్ దూలానికి వేలాడదీయండి.