కొత్త మందు మొదలుపెట్టే ముందు మీ ఒంటి సంగతి చెప్పండి

ఒకరికి గుణమిచ్చిన మాత్ర మనకూ అంతే గుణమిస్తుందని నమ్మి వేసేసుకోకండి. మాత్ర ఒకటే అయినా, దాన్ని విరిచే కాలేయం, బయటికి పంపే కిడ్నీలు అందరివీ ఒకేలా పనిచేయవు. డాక్టరుకు జబ్బుతో పాటు వయసు, బరువు, పాత జబ్బులు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్నవీ చెప్పండి. గర్భం ఉన్నా, ఉందేమో అన్న అనుమానమున్నా ముందుగా చెప్పాల్సింది అదే.

పెద్దవాళ్ల విషయంలో నాకు ఎక్కువ టెన్షన్. రక్తపరీక్ష రిపోర్టులో క్రియాటినిన్ (కండల్లో తయారై, కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) 1.0 ఉంటే ‘నార్మలే’ అని కాగితం మడిచి పెట్టేస్తాం. 30 ఏళ్లు, 75 కిలోలున్న మగమనిషికి ఆ 1.0 అంటే కిడ్నీలు నిమిషానికి సుమారు 115 మి.లీ. వడకడుతున్నట్టు లెక్క. 82 ఏళ్లు, 42 కిలోలున్న పెద్దాయనకు అదే 1.0 అంటే దాదాపు 34 మాత్రమే. కండ కరిగినవాళ్లలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ కాబట్టి అంకె అలా మోసం చేస్తుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గుండెకిచ్చే డిగాక్సిన్ కిడ్నీల గుండానే పోవాలి, పోకపోతే ఒంట్లో పేరుకుంటాయి. ‘ఈ డోసు వీరి కిడ్నీలకు సరిపోతుందా?’ అని మొహమాటపడకుండా అడగండి. కొత్త మాత్ర మొదలైన రోజుల్లోనే పెద్దాయన తూలుతున్నా, మాట తడబడుతున్నా వయసు మీదికి నెట్టకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. కిడ్నీలు దెబ్బతింటాయి.

పిల్లలకు డోసు బరువును బట్టే. పారాసెటమాల్ ఒక్కో మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. డ్రాప్స్‌లో మందు సిరప్ కంటే చిక్కగా ఉండొచ్చు, సీసా మీది అంకె చదివి, దాంతో వచ్చిన కొలతతోనే పోయండి. దగ్గుకు, నొప్పికి వాడే కోడీన్ కొందరి ఒంట్లో పుట్టుకతోనే చాలా వేగంగా మార్ఫిన్ అనే బలమైన మత్తుమందుగా మారిపోతుంది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకు దాన్ని వద్దంది. నిద్రమాత్ర జోల్పిడెమ్ ఆడవాళ్ల ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందని 2013లో అదే సంస్థ వాళ్లకు మొదలుపెట్టే డోసును 10 నుంచి 5 మి.గ్రా.కు తగ్గించింది.

సిగరెట్ మానేస్తున్నారా? మానేయండి, కానీ ఆస్తమాకు థియోఫిలిన్ గానీ, మానసిక సమస్యకు క్లోజపిన్ గానీ వాడుతుంటే ముందే చెప్పండి. పొగ ఆగితే ఈ మందులు నెమ్మదిగా విరుగుతాయి, పాత డోసే ఎక్కువైపోతుంది. దాన్ని మీ అంతట మీరు తగ్గించుకోవద్దు, డాక్టరే చూసి మార్చాలి.