మేస్త్రీని పిలిచే ముందు నేల మీద టేపు వేసి చూడండి

నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో ఏదైనా మార్పు చేయాలంటే మాటలతోనే వారాలు గడిచిపోతాయి. "ఇక్కడ గోడ కడితే ఇరుకైపోతుంది" అని ఒకరు, "ఏం కాదు" అని ఇంకొకరు. కాగితం మీద ప్లాన్ చూస్తే చాలామందికి సరిగ్గా అంచనా రాదు. మా ఇంట్లో ఆ గొడవ తీర్చింది అంగుళం వెడల్పు మాస్కింగ్ టేపు, అంటే అతికించాక సులువుగా ఊడొచ్చే కాగితపు టేపు.

కొత్తగా రాబోయేదాన్ని అసలు కొలతలతో నేల మీద టేపుతో గుర్తు పెట్టండి. గోడకి ఒక్క గీత చాలదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడైతే రెండువైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి 5.5 అంగుళాల ఎడంతో రెండు గీతలు వేయాలి. వంటగట్టుకి 2 అడుగుల లోతు. తలుపు తెరుచుకునే వంపు కూడా గీయండి, అందరూ మర్చిపోయేది అదే. గట్టు ఎత్తు తెలియాలంటే అట్టపెట్టెలు పేర్చండి.

ఇక వారం రోజులు ఆ గీతలు తొక్కకుండా తిరగాలి. అందరూ ఒకేసారి హడావిడి పడే పొద్దున పూట అసలు సంగతి బయటపడుతుంది. మేం అనుకున్న అల్మరా దగ్గర ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఒరగాల్సి వచ్చింది, దాంతో లోతు 6 అంగుళాలు తగ్గించాం. ఇబ్బంది అనిపించినవాళ్లు అక్కడే టేపు మీద పేరు రాసిపెడితే చాలు, మళ్లీ వాదన ఉండదు.

ఉన్న గోడ తీసేయాలంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అది బరువు మోసే గోడో కాదో ముందు ఇంజినీరు చూసి చెప్పాల్సిందే.