పాత రవాణా విమానాల ఫొటోగ్రఫీ – 3వ పాఠం: తిరిగే ప్రొపెల్లర్, చదవగలిగే నంబరు

లెన్సు ఎంపిక, వెలుతురు వచ్చే దిక్కు గత రెండు పాఠాల్లో అయిపోయాయి. ఈ పాఠం అంతా షట్టర్ వేగం గురించే, అంటే ఫొటో తీసేటప్పుడు కెమెరా వెలుతురుకు ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది. ఆ సమయం ఎంత తక్కువైతే వేగం అంత ఎక్కువ. జెట్ విమానాలు తీసేవారికి ఇది పెద్ద సమస్య కాదు, వేగం ఎంత పెంచితే బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది. ఐఎల్-76 లాంటి నాలుగు జెట్ ఇంజన్ల భారీ విమానానికీ అంతే. మనం వెతికే వాటిలో ఎక్కువ భాగం మాత్రం ప్రొపెల్లర్ విమానాలు: 1984 నుంచి వాయుసేనలో ఉన్న ఏఎన్-32, అంతకన్నా పాతదైన ఆవ్రో 748, నౌకాదళం నడిపే డోర్నియర్ 228. వీటిని 1/2000 సెకనులో తీస్తే ప్రొపెల్లర్ రెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా నిలిచిపోతాయి. చూసేవారికి ఇంజన్లు ఆగిపోయి పడిపోబోతున్న విమానం అనిపిస్తుంది.

మన గురి ఇది: విమానం ఒంటిమీది నంబరు చదవగలగాలి, ప్రొపెల్లర్ రెక్క మాత్రం విడిగా కనిపించకూడదు. రెండూ ఒకే ఫొటోలో కుదరడమే ఈ పాఠంలో పరీక్ష.

నంబరు గురించి ఇంత పట్టుదల దేనికంటే, వాయుసేన ఏఎన్-32లు వందకు పైగా కొన్నది. చూడటానికి అన్నీ ఒకటే. ఏ ఫొటో ఏ విమానానిదో చెప్పగలిగేది ఆ నంబరే. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 29 మందితో బయలుదేరి బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయిన ఏఎన్-32 నంబరు కె-2743. అందులో విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. 2024 జనవరిలో చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాలు దొరికాయని ప్రకటించారు. ఆ విమానాన్ని అంతకుముందు ఎవరైనా ఎక్కడైనా నంబరు చదవగలిగేలా తీసి, తేదీ రాసి పెట్టి ఉంటే ఆ ఫొటో విలువ ఎంతో ఆలోచించండి. అందుకే నంబరు మసకబారిన ఫొటోను, అది ఎంత అందంగా ఉన్నా, నేను పక్కన పెట్టేస్తాను.

ఇక లెక్క. ఏఎన్-32 ప్రొపెల్లర్ నిమిషానికి వెయ్యి చుట్లకు కాస్త ఎక్కువ తిరుగుతుంది. వెయ్యి అనుకుంటే లెక్క నోటితోనే తేలిపోతుంది: 1/1000 సెకనులో రెక్క 6 డిగ్రీలు జరుగుతుంది. 1/500 దగ్గర 12, 1/250 దగ్గర 24, 1/125 దగ్గర 48. ఈ ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు, అంటే రెక్కకూ రెక్కకూ మధ్య 90 డిగ్రీలు. 1/60 సెకను దగ్గర రెక్క ఆ ఎడాన్ని పూర్తిగా దాటేస్తుంది, పలచటి నిండు చక్రం కనిపిస్తుంది. డోర్నియర్ ప్రొపెల్లర్ ఇంకా వేగంగా, నిమిషానికి దాదాపు 1,600 చుట్లు తిరుగుతుంది. ఏఎన్-32కు 1/125 ఇచ్చే ఫలితం డోర్నియర్‌కు 1/200 దగ్గరే వస్తుంది.

నిండు చక్రం అందరికీ ఇష్టమే, కానీ 1/60 దగ్గర నంబరు నిలవడం చాలా కష్టం. నా మాట వింటే 1/250తో మొదలుపెట్టి, చేయి కుదురుకున్నాక 1/125కు దిగండి. అక్కడే ఆగినా తప్పు లేదు. 48 డిగ్రీల కదలిక చాలు, ఇంజను పనిచేస్తోందని కంటికి తెలిసిపోతుంది.

ఫోనుతో తీసేవారికి ఒక హెచ్చరిక. ఫోను కెమెరా బొమ్మ మొత్తాన్ని ఒకేసారి పట్టదు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది. ఈలోగా రెక్క తిరిగిపోతుంది కాబట్టి ఫొటోలో రెక్కలు కొడవళ్లలా వంగి, కొన్నిసార్లు ఇరుసు నుంచి విడిపోయి కనిపిస్తాయి. కెమెరాల్లోనూ చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ఇదే జరుగుతుంది. మెకానికల్ షట్టర్‌కు మార్చుకోండి.

మొదటి అభ్యాసం ఇంట్లోనే. ఒక టేబుల్ ఫ్యాను తీసుకోండి. ఎక్కువ వేగంలో అది నిమిషానికి సుమారు 1,300 చుట్లు తిరుగుతుంది, మన ప్రొపెల్లర్లకు దగ్గర వేగమే. ప్లగ్గు తీసి, ముందు జాలీ విప్పి, ఒక రెక్క అంచున సుద్దముక్కతో అడ్డంగా లావుపాటి గీత గీయండి. జాలీ మళ్లీ బిగించాకే ప్లగ్గు పెట్టండి. కిటికీ వెలుతురులో, ట్యూబులైటు ఆర్పి, 1/1000 నుంచి 1/60 దాకా వరుసగా తీయండి. తెల్ల గీత ఒక్కో ఫొటోలో ఒక్కో పొడవు వంపుగా సాగుతుంది. 1/1000లో చిన్న మచ్చ, 1/125లో చక్రంలో ఆరో వంతు. ఈ ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే పైన చెప్పిన లెక్కంతా కంటికే అర్థమవుతుంది.

రెండోది చేతికి. గంటకు 400 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 1/125 సెకనులో దాదాపు 90 సెంటీమీటర్లు జరుగుతుంది. కెమెరాను కదలకుండా పట్టుకుంటే నంబరు గీతల కింద మారిపోతుంది. కెమెరా విమానంతో పాటే తిరగాలి. దీన్నే ప్యానింగ్ అంటారు. ఇది నేర్పేది పల్లెవెలుగు బస్సు. విజయనగరం నుంచి రాజాం వైపో సాలూరు వైపో పోయే రోడ్డు మీద, పొలాల మధ్య బాగా ఎడంగా నిలబడండి. ఉదయం పూట రోడ్డుకు తూర్పున నిలబడితే ఎండ మీ వీపు మీద ఉంటుంది. పాదాలను బస్సు మీకు ఎదురయ్యే చోటి వైపు నిలిపి, నడుమును మాత్రం బస్సు వస్తున్న వైపు తిప్పండి. బస్సును చూపులో పట్టుకుని నడుముతో తిరుగుతూ రండి, ఎదురుగా వచ్చినప్పుడు మీట నొక్కండి, నొక్కాక కూడా తిరగడం ఆపకండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆ కుదుపు ఫొటోలో పడుతుంది. బస్సు నంబరు ప్లేటు ముందూ వెనకా ఉంటుంది కాబట్టి పక్కన రాసిన అక్షరాలు చూసుకోండి. అక్షరాలు నిలిచి, వెనక తాటిచెట్లు అడ్డగీతలుగా సాగిపోతే చేయి కుదిరినట్టే.

మన కోస్తా ఎండలో 1/125 పెడితే, వెలుతురుకు కెమెరా స్పందనను ఐఎస్‌ఓ 100కు తగ్గించినా, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16 దాకా చిన్నది చేయాల్సి వస్తుంది. అప్పుడు సెన్సర్ మీది దుమ్మంతా ఆకాశంలో నల్ల చుక్కలుగా తేలుతుంది. ఉదయం ఎనిమిది లోపు తీయండి, లేదా లెన్సుకు వెలుతురు తగ్గించే నల్లటి అద్దం, ఎన్‌డీ ఫిల్టర్, తగిలించండి. ముసురు వెలిసిన మరునాటి గాలి అన్నిటికన్నా మేలు.

ఎక్కడ తీయకూడదో కూడా ఇప్పుడే చెప్పాలి. విశాఖ విమానాశ్రయం ఉన్నది నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో. దాని ప్రహరీ పక్కన, రన్‌వే చివర, విమానాశ్రయం లోపల కెమెరా ఎత్తవద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం అభిరుచికి మినహాయింపు ఇవ్వదు. నౌకాదళం ఆర్.కె. బీచ్‌లో ప్రజల కోసం విన్యాసాలు జరిపినప్పుడు వెళ్లండి. తీరం వెంట ఎగిరే డోర్నియర్లు ఈ పాఠానికి సరిగ్గా సరిపోతాయి.

నాలుగో పాఠం అదే బీచ్ రోడ్డులోని టీయూ-142 మ్యూజియం దగ్గర. అది రవాణా విమానం కాదు, 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద నిఘా కాసిన విమానం. కానీ కదలకుండా నిలిచిన పాత లోహాన్ని, మసి చారలను, రివెట్లను తీయడం నేర్చుకోవడానికి మనకు అంతకన్నా దగ్గరలో మరొకటి లేదు. ఒక్కో ఇంజను ముందు భాగంలో ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి, అవి ఎదురెదురు దిశల్లో తిరిగేవి. వచ్చేటప్పుడు ఫ్యాను ఫొటోలు, బస్సు ఫొటోల్లో బాగా వచ్చినవి కొన్ని, ప్రతిదానికీ షట్టర్ వేగం రాసిన కాగితం సిద్ధం చేసుకోండి.