పాత జానపద పాటను ఒక్క గిటార్ మీద పలికించడం ఎలా?

ఈ మధ్య ఎవరింట్లో చూసినా గిటార్ కనిపిస్తోంది. పాత జానపద రికార్డింగులను కూడా శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు, పిల్లలు వాటిని విని ముచ్చటపడి వాయించాలని చూస్తున్నారు. అంతవరకు సంతోషమే. కానీ చాలామంది చేసేది ఏమిటంటే నాలుగు కార్డ్స్ (రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి మీటేవి) వేసుకుని పైన నోటితో పాట పాడేసి, జానపదం వాయించామని చెప్పుకుంటున్నారు. అది పాటకు తోడు వాయించడం. నేను చెప్పేది పాట మొత్తాన్ని, వరుస, తాళం, శ్రుతి మూడింటినీ నోరు తెరవకుండా ఒక్క గిటార్‌లోంచి పలికించడం. తిరుపతిలో మా మిద్దె మీద పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ ఒకే చోట తప్పుతున్నారు, అది బొటనవేలి దగ్గర. మిగతావన్నీ గబగబా చెప్పేసి అక్కడికి వస్తాను.

కావలసినవి

స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్, 12 గేజ్ (తీగల మందం) తీగల సెట్ ఒకటి, ఫోన్లో ట్యూనర్, హెడ్‌ఫోన్స్. పిక్ (మీటే ప్లాస్టిక్ ముక్క) వద్దు, కేపో (మెడ మీద బిగించే క్లిప్) వద్దు. నైలాన్ తీగల గిటార్ మీద జారు (వేలు ఎత్తకుండా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జార్చడం) సరిగా పలకదు కాబట్టి అది కూడా వద్దు. కుడిచేతి గోళ్ళు వేలి చివర దాటకుండా కత్తిరించుకోండి, బొటనవేలికి మాత్రం కొంచెం ఉంచుకోండి.

పాట ఎంచుకోవడం

మీ ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసిన పాటే తీసుకోండి. దంపుడు పాట, కోలాటం పాట, జోల పాట, ఏదైనా సరే. దాని పాత రికార్డింగు దొరికితే ఇంకా మంచిది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పాత రికార్డులో (దీన్నే 78 అంటారు) ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది, అందుకని ఆ రోజుల్లో పాటలను కుదించి పాడించారు. రికార్డులో మూడు చరణాలు ఉన్నాయని పాటే అంత అనుకోకండి, మిగతాది ఊళ్ళో అవ్వల దగ్గర ఉంటుంది, వెళ్ళి అడగండి.

కొత్తగా విడుదల చేసిన కాపీ కొనేటప్పుడు ఒక మాట. గరగర శబ్దం ఒక్కటి కూడా లేకుండా తీసేసిన కాపీ మాత్రం కొనకండి. ఆ గరగరతో పాటు పై స్వరాల మెరుపు కూడా పోతుంది, తీగను మీటిన క్షణం, గొంతు ఎత్తుకున్న క్షణం మెత్తబడిపోయి, పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. మనకు కావలసింది ఆ ఎత్తుకునే క్షణమే, ఎందుకంటే తాళం అందులోనే ఉంటుంది. కొంచెం చప్పుడున్నా ఫరవాలేదు, చెవి రెండు రోజుల్లో అలవాటుపడుతుంది.

శ్రుతి కలపడం

పాత రికార్డు శ్రుతికి గిటార్‌ను లాగడానికి తంటాలు పడకండి. 78 అని పేరే గానీ ఆ రోజుల్లో అన్నీ కచ్చితంగా 78 వేగంతోనే రికార్డు చేయలేదు. 74 దగ్గర రికార్డు చేసినదాన్ని 78తో తిప్పితే శ్రుతి దాదాపు ఒక ఫ్రెట్ (గిటార్ మెడ మీది ఒక మెట్టు) పైకి పోతుంది. అందుకే ఎంత ట్యూన్ చేసినా రెండు ఫ్రెట్ల మధ్య ఇరుక్కుపోయినట్టు అనిపిస్తుంది, పిల్లలు తమ చెవి బాగాలేదని అనవసరంగా టెన్షన్ పడతారు. పాటనే మీ దగ్గరికి తెచ్చుకోండి. ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, అందులో వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఆప్షన్‌తో పాట షడ్జమం మీ గిటార్ డి స్వరానికి కలిసేదాకా జరపండి. పాడిన గొంతు చిన్నపిల్ల గొంతులా మారిపోతే తప్పు వైపు జరిపినట్టే. నేర్చుకోవడానికి పాటను నెమ్మది చేయాలంటే శ్రుతి మారకుండా టెంపో మాత్రమే మార్చే ఆప్షన్ వేరే ఉంది, దాన్ని వాడండి.

ఇక గిటార్. మామూలు ట్యూనింగ్‌లో జానపదం వాయించకూడదు. అన్నిటికంటే లావైన ఆరో తీగను ఈ నుంచి డికి దించండి, ఐదు, నాలుగు అలాగే ఉండనివ్వండి, మూడోదాన్ని జి నుంచి ఎఫ్ షార్ప్‌కు, రెండోదాన్ని బి నుంచి ఏకు, సన్నటి ఒకటో తీగను ఈ నుంచి డికి దించండి. ఇప్పుడు ఎడమచేయి పెట్టకుండా లావు తీగ నుంచి సన్న తీగ దాకా మీటి చూడండి. స ప స గ ప స. శ్రుతిపెట్టె ఒళ్ళో పెట్టుకున్నట్టే! మీ పాటలో చిన్న గాంధారం ఉంటే మూడో తీగను ఇంకొక్క మెట్టు దించితే చాలు. తీగలు ఇలా దించితే గిటార్ మెడ వంగిపోతుందని ఒక దుకాణంలో నన్ను భయపెట్టి రిపేరుకు డబ్బు కూడా తీసుకున్నారు. తీగలు వదులైతే మెడ మీద లాగుడు తగ్గుతుంది, పెరగదు. భయపడకండి.

వరుస దొరకబుచ్చుకోవడం

ఇది తేలిక. పాట వరుస ఒకటో తీగ మీద, కిందికి దిగినప్పుడు రెండో తీగ మీద. ఒకటో తీగ ఖాళీగా మీటితే స, రెండో ఫ్రెట్ రి, నాలుగు గ, ఐదు మ, ఏడు ప, తొమ్మిది ధ, పది చిన్న ని, పన్నెండు పై స. రెండో తీగ ఖాళీగా ప, రెండు మీద ధ, మూడు మీద ని, ఐదు మీద స. ముందు నోటితో పాడండి, తర్వాతే వెతకండి. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన ట్యాబ్ చూసి వాయించొద్దు, దాంట్లో జారు ఉండదు. పాడేవాళ్ళు రి నుంచి గకు దూకరు, జారుతారు. వేలు ఎత్తకుండా రెండో ఫ్రెట్ నుంచి నాలుగుకు జార్చండి, ఆ ఒక్క జారుతోనే పాట గుర్తుపట్టేలా అవుతుంది.

బొటనవేలు

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి.

ఒక్క గిటార్‌తో పాట మొత్తం వాయించే పద్ధతి మనకు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ కూడా అది పాత రికార్డుల నుంచి పుట్టిందే. 1952లో ఫోక్‌వేస్ కంపెనీ హ్యారీ స్మిత్ ఏర్చికూర్చిన పాత 78 రికార్డుల్లోని 84 పాటలను ఎల్పీలుగా (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డులుగా) విడుదల చేసింది. అందులో మిస్సిసిపీ జాన్ హర్ట్ అనే ఆయన పాటలు కూడా ఉన్నాయి. ఆయన 1928లో రికార్డు చేసి, ఆ తర్వాత తన ఊళ్ళో పొలం పనులు చేసుకుంటూ ఉండిపోయాడు. పాటలో ఊరి పేరు ఉండటంతో 1963లో ఆయన్ను వెతికి పట్టుకున్నారు. జాన్ ఫాహీ ఆ పాత రికార్డులే గురువుగా పెట్టుకుని 1959లో సొంత లేబుల్ మొదలుపెట్టి, మాట లేని గిటార్ సంగీతానికి ఒక దారి వేశాడు. ఇప్పుడు ఒంటరిగా అకూస్టిక్ వాయించేవాళ్ళలో చాలామంది ఆ దారిలోనివాళ్ళే. వీళ్ళను తప్పకుండా వినండి, హర్ట్ బొటనవేలిని మరీ శ్రద్ధగా వినండి. వేళ్ళు ఎన్ని వేషాలు వేసినా అది గడియారంలా నడుస్తూనే ఉంటుంది.

కానీ ఆ బొటనవేలి నడక నాలుగు దెబ్బలది. మనవాళ్ళు దాన్ని నేర్చుకుని అదే నడకను దంపుడు పాటకు తగిలిస్తారు. నేను నేర్చుకున్న మన పాటల్లో చాలావాటి నడక తిశ్రం, అంటే మూడు దెబ్బలది, తకిట తకిట. నాలుగు దెబ్బల్లో ఇరికిస్తే ప్రతి స్వరమూ సరిగ్గానే ఉంటుంది, పాట మాత్రం ఉండదు. ఇంజినీరింగ్ చదివే ఒక అబ్బాయి మా మిద్దె మీద అలాగే వాయించాడు. పక్కింటి అవ్వ వడియాలు ఎండబెడుతూ విని "ఏం పాట నాయనా ఇది?" అని అడిగింది. అంతకు వారం ముందు ఆ పాట ఆ పిల్లాడికి నేర్పింది ఆమే.

మా అవ్వది చంద్రగిరి దగ్గర పల్లె. ఒకే రోట్లో ఇద్దరు దంచుతుంటే చూశారా ఎప్పుడైనా? ఒకరి రోకలి పైకి లేస్తుంటే ఇంకొకరిది దిగుతుంది. పాటలో మాట మర్చిపోయినా, దమ్ము తీసుకున్నా, నవ్వొచ్చినా రోకలి ఆగదు, ఆగితే రెండూ కొట్టుకుంటాయి. మాటలే రోకలి దెబ్బల సందుల్లో సర్దుకుంటాయి. బొటనవేలు ఆ రోకలి, వేళ్ళు పాట. రోకలి పాట కోసం ఎదురుచూడకూడదు.

ఇప్పుడు పని. ఎడమచేయి తీసేయండి. నోటితో తకిట తకిట అంటూ మొదటి 'త' మీద బొటనవేలితో ఆరో తీగ, రెండో 'త' మీద నాలుగో తీగ. అంతే. మెట్రోనోమ్ (తాళానికి టిక్ టిక్ అని కొట్టే యంత్రం) నిమిషానికి 50 దగ్గర పెట్టి ప్రతి 'త'కూ ఒక క్లిక్ పడేలా చూసుకోండి. దీన్ని వారం రోజులు ఒంటరిగా వాయించాలి. విసుగొస్తుంది, వచ్చినా వాయించాలి. ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించమనండి. "మధ్యాహ్నం కూర ఏం చేయాలి?" అంటే జవాబు చెప్పేటప్పుడు బొటనవేలు తడబడితే ఇంకా రాలేదని లెక్క. ఈ పరీక్ష దాటకుండా ముందుకు వెళ్ళొద్దు. వెళ్ళినవాళ్ళందరూ ఆరు నెలల తర్వాత వెనక్కి వచ్చి ఇక్కడే మొదలుపెట్టారు.

రెండో వారం, 'త' మీద బొటనవేలితో పాటు చూపుడు వేలితో ఒకటో తీగ కూడా కలిపి మీటండి. ఇది అందరికీ వస్తుంది. మూడో వారం చూపుడు వేలిని 'ట' మీదకు మార్చండి. గొడవంతా ఇక్కడే. 'ట' పడగానే వెంటనే వచ్చే 'త' కోసం బొటనవేలు తొందరపడి ముందే దూకుతుంది, లేదంటే వేలు పని అయ్యేదాకా ఆగుతుంది. వినడానికి కుంటినట్టు ఉంటుంది. అప్పుడు వేగం తగ్గించడం కాదు, వేలిని తీసేసి బొటనవేలు ఒక్కదాన్నే నాలుగు ఆవృత్తాలు నడిపించి, మళ్ళీ వేలిని ఒక్కసారి వేయండి. మళ్ళీ తీసేయండి. నడుస్తున్న బండి ఎక్కి దిగినట్టు. 'ట' కుదిరాకే 'కి' మీద వేయండి, ఆ తర్వాతే పాటలో ఒక్క పాదం. చరణం మొత్తం కాదు, ఒక్క పాదం.

ఇంకొకటి, అరచేయి. కుడి అరచేతి చిటికెన వేలి వైపు అంచును బ్రిడ్జి మీద, తీగలు గిటార్‌ను తాకే చోట ఆనించండి. మూడు లావు తీగలు మాత్రమే తగలాలి. వడ్లగింజంత ముందుకు జరిగితే శబ్దం చచ్చిపోయి టకటకమంటుంది, అంతే వెనక్కి జరిగితే గుయ్యిమని మోగుతూ పాటను మింగేస్తుంది. మధ్యలో ఒక చోట దొరుకుతుంది, డప్పు మీద దెబ్బలా గట్టిగా, పొట్టిగా. ఆ శబ్దం చెవికి తెలియకపోతే మే నెలలో గంగమ్మ జాతరప్పుడు తిరుపతిలో తాతయ్యగుంట వైపు వెళ్ళి నిలబడండి. వేషాలు తర్వాత చూద్దురుగానీ, ముందు కళ్ళు మూసుకుని డప్పు వినండి.

మొత్తం కలపడం

మెట్రోనోమ్ వారానికి ఐదు చొప్పున పెంచండి. పాడేవాళ్ళ వేగం అందుకోగానే ఆపేయండి, అంతకు మించి పోవద్దు. ఎండాకాలం మిద్దె మీద వాయిస్తే పది నిమిషాలకోసారి శ్రుతి చూసుకోవాలి, వేడికి తీగలు సాగి దిగిపోతాయి. ఫోన్లో రికార్డు చేసుకుని మరుసటి రోజు పొద్దున వినండి, అదే రోజు వింటే తప్పులు వినపడవు. బొటనవేలు దెబ్బ పాటకంటే గట్టిగా ఉంటే బొటనవేలిని తగ్గించాలి, వేళ్ళను పెంచకూడదు.

తర్వాత ఆ పాట తెలిసిన పెద్దవాళ్ళ ముందు పేరు చెప్పకుండా వాయించండి. వాళ్ళు గుర్తుపట్టి పెదవి కదిపితే వరుస వచ్చినట్టు. కాలో చేయో దానంతటదే కదిలితే బొటనవేలు వచ్చినట్టు. ఆఖరి చరణం అయ్యాక అరచేయి అంచును పక్కకు తీసేసి ఆరో తీగను ఒక్కసారి మీటండి, అది తనంతట తాను ఆగేదాకా గిటార్ కదపొద్దు.