ఏ రొట్టె తీసుకున్నా ఒకే కథ వస్తోందా?

నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగ మీద, ట్వైన్‌లో (ఎంపికలతో సాగే కథలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఇద్దరం కలిసి చిన్న కథాగేమ్ చేస్తున్నాం. కోరిక తీరినవాళ్లు తెచ్చిన రొట్టెను అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. తీరితే మరుసటి ఏడాది వాళ్లు తెచ్చి ఇస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, గృహ రొట్టె... ఆటగాడి ముందు పెట్టడానికి ఇంతకంటే మంచి ఎంపిక ఏముంటుంది అనుకున్నాం. తలనొప్పులు తర్వాత మొదలయ్యాయి.

సమస్య: కథ పెరుగుతూనే ఉంది, పూర్తి కావడం లేదు

కారణం: ప్రతి ఎంపికకూ కొత్త దారి వేస్తున్నారు. రెండేసి ఆప్షన్లు పదిసార్లు ఇచ్చి దారుల్ని ఎక్కడా కలపకపోతే 1024 ముగింపులు రాయాలి. మాకు ఐదో ఎంపికకే ట్వైన్ మ్యాప్ చిక్కుపడ్డ వలలా తయారైంది.

పరిష్కారం: చీలిన దారుల్ని రెండు మూడు సీన్లలో మళ్లీ కలపండి. మా కథలో ఎవరు ఎటు తిరిగినా సాయంత్రానికి బారా షహీద్ దర్గా దగ్గరికి రావాల్సిందే. ఏ రొట్టె, ఎవరి చేతి నుంచి, అమ్మకు చెప్పాడా లేదా అన్న తేడాలన్నీ వేరియబుల్స్‌లో, అంటే ఆటగాడు ఎంచుకున్నది గేమ్ దాచిపెట్టుకునే డబ్బాల్లో ఉంటాయి.

సమస్య: "ఏది నొక్కినా అదేగా వచ్చేది" అంటున్నారు

పై మందు వాడితే వచ్చే జబ్బు ఇది. కావలిలో ఉండే మా పిన్ని కొడుకు రెండుసార్లు ఆడి ఫోన్ తిరిగిచ్చేశాడు. ఒకసారి ఉద్యోగ రొట్టె, ఒకసారి పెళ్లి రొట్టె తీసుకున్నాడట. రెండుసార్లూ కథలో ఇంటికెళ్తే అమ్మ "వచ్చినావా, కాళ్లు కడుక్కో" అనే అంది.

కారణం: వేరియబుల్ దాచాం గానీ ఎక్కడా వాడలేదు.

పరిష్కారం: సీన్ మార్చక్కర్లేదు, అందులో మొదటి మాట మార్చండి. ఉద్యోగ రొట్టె అయితే అమ్మ "ఈసారైనా ఆ ఇంటర్వ్యూ వాళ్లు ఫోన్ చేస్తారేమో" అంటుంది. పెళ్లి రొట్టె అయితే ఏమీ అనదు, నాన్న వైపు చూసి నవ్వుతుంది. రెండు వాక్యాల పని. దీంతోపాటు దూరంగా ఇంకో ఫలితం ఉంచండి. మాకు పండుగే ఆ వీలు ఇచ్చింది: ఏడాది తర్వాత చెరువులో దిగితే, రొట్టె కోసం చేయి చాపేది ఎవరన్నది పోయినేడు చేసినదాన్ని బట్టి ఉంటుంది. అప్పటికి ఆటగాడు మర్చిపోయి ఉంటాడు కాబట్టి "నీలం చీర పెద్దమ్మ" లాంటి గుర్తు ఒకటి ఇవ్వాలి.

2012 నాటి టెల్‌టేల్ వారి వాకింగ్ డెడ్ గేమ్‌లో, పలానా పాత్ర ఈ మాట గుర్తుంచుకుంటుందని తెర మీద వేస్తారు. మేమూ పెట్టి చూశాం. తర్వాత నిజంగా గుర్తుంచుకోకపోతే అది అప్పు ఎగ్గొట్టినట్టే, తీసేశాం.

సమస్య: అందరూ ఒకే ఆప్షన్ నొక్కుతున్నారు

కారణం: మంచేదో చెడేదో ముందే తెలిసిపోతోంది. "ముసలావిడకు దారి ఇవ్వు", "తోసెయ్" అని పెడితే ఎవరు తోస్తారు?

పరిష్కారం: రెండింటిలోనూ ఏదో ఒకటి పోవాలి. ఇప్పుడు ఒకటే గృహ రొట్టె ఉంది. ముసలావిడ చేయి చాపింది, అద్దింట్లో ఉంటున్న సొంత అన్న పక్కనే నిలబడ్డాడు.

సమస్య: తీసుకోని రొట్టె గురించి పాత్రలు మాట్లాడుతున్నాయి

కారణం: వేరియబుల్‌కు మొదట్లో విలువ ఇవ్వలేదు, లేదా పేరులో ఒకచోట పెద్దక్షరం, ఇంకోచోట చిన్నక్షరం పడింది. మాది రెండోది. ఒక రాత్రంతా పోయింది.

పరిష్కారం: షుగర్‌క్యూబ్‌లో (ట్వైన్ కథల్ని నడిపే ఫార్మాట్లలో ఒకటి) అయితే విలువలన్నీ కథ మొదలుకాకముందే నడిచే స్టోరీఇనిట్ ప్యాసేజ్‌లో పెట్టండి. పాత సేవ్‌తో కాదు, మొదటి నుంచి ఆడి చూడండి.

సమస్య: ముగింపు దగ్గర ఆటగాళ్లకు కోపం వస్తోంది

కారణం: అంతదాకా చేసినవి పక్కనపెట్టి చివర్లో కొత్తగా బటన్లు ఇస్తున్నారు. 2012లో మాస్ ఎఫెక్ట్ 3 గేమ్ ముగింపు మీద ఇలాంటి గొడవే పెద్దదై, దాన్ని తయారుచేసిన బయోవేర్ ముగింపును పొడిగించి ఉచితంగా విడుదల చేయాల్సి వచ్చింది.

పరిష్కారం: మా చివరి సీన్‌లో బటన్లు తీసేశాం. చేతిలో ఏ రొట్టె ఉంది, తీసుకోవడానికి ఎవరొచ్చారు అన్నది ముందు నొక్కినవే తేలుస్తాయి. కోరిక తీరనివాడు మాత్రం ఉత్త చేతులతో నీళ్లలో దిగుతాడు. ఆ సీన్ ఇంకా కుదరలేదు, మూడోసారి తిరగరాస్తున్నాం.